రూతమ్మ ఏడు కిలోల సంచి

చర్చి వసారా దూలానికి పత్తి తూచే కాటా వేలాడుతోంది. బుచ్చన్న ఒక్కొక్కరి సంచి దాని కొక్కేనికి తగిలించి, కళ్లు చికిలించి ముల్లు చూస్తున్నాడు. ముల్లు ఏడు దాటిందా, సంచి కిందికి దిగుతుంది, జిప్పు తెరుచుకుంటుంది, లోపలి సామాన్లన్నీ బండల మీదికొస్తాయి.

"ఏడంటే ఏడే," అంటున్నాడు తూచిన ప్రతిసారీ. "పోయినేడు ఏర్పోర్టుల నన్ను నిలవెట్టి కడిగిన్రు. చేతిల ఇంకో కవరు కనబడ్డా ఈడనే దిగగొడ్త. ఒక మనిషి, ఒక సంచి. ఊరి కాడ్నుంచే."

మానవపాడు మండలంలోని ఆ ఊరి నుంచి పన్నెండు మంది బయల్దేరుతున్నారు. హిమాచల్ దాటి లదాఖ్ పోయే కొండదారిలో రోడ్డు పని. మే నెలలో మంచు కరిగాక మొదలై మళ్లీ మంచు పడేదాకా సాగుతుంది. గుంపుకు మేస్త్రీ బుచ్చన్న. రైలుకు పోతే రోజులు వృథా అని కంపెనీ పోయినేటి లాగే ఈసారీ విమానం టికెట్లు పంపింది గానీ అవన్నీ చేతిసంచి టికెట్లు. వెంట పట్టుకుపోయేదే లగేజీ. అంతకు మించి చెంబు కూడా ఎక్కదు.

వరుసలో ఆఖరున రూతమ్మ నిలబడింది. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. గుంపుకు వంట చేయడానికి పోతోంది. పొద్దున ఏడింటికే ఎండ వీపు మీద వాతలు పెడుతుంటే, ఆమె ఒంటి మీద మాత్రం చీర మీద చీర, రెండు స్వెటర్లు, వాటి మీద మోకాళ్ల దాకా దిగిన మగవాళ్ల కోటు ఉన్నాయి. మంకీ క్యాపు ఒక్కటే పెట్టుకోలేదు. అది కోటు జేబులో ఉంది.

"ఏందక్కా, మంచు మన ఊర్లనే పడుతుందా?" అంది ధనలక్ష్మి. ఆమె మాసయ్య భార్య. మొగుడూ పెళ్లాలిద్దరూ ఈ గుంపులోనే పోతున్నారు.

"అలవాటు చేస్కుంటున్ననే. ఆడికి పోయినంక సలి ఒక్కసారే మీద పడితే ఎట్ల?"

"మరి నిప్పుల మీద గూడ కూసో, వాపస్ వచ్చేటప్పుడు ఎండలకు అలవాటైతది!"

అందరూ నవ్వారు. రూతమ్మ కూడా నవ్వి సంచి కొక్కేనికి తగిలించింది. ముల్లు ఏడుకు వెంట్రుకవాసి ఇవతల ఆగింది.

"శెభాష్," అన్నాడు బుచ్చన్న. "చూసి నేర్చుకోన్రిరా. సంచి కట్టుడంటే గిట్ల."

ఏడు లోపల ఉన్న సంచి అతను తెరవడు. రూతమ్మ నమ్ముకున్నది దాన్నే.

సంచులు కట్టడంలో ఆమెకు పేరుంది. పదిహేనో ఏట పెళ్లయిన నెలకే మొదటిసారి లారీ ఎక్కింది. అప్పట్లో పనికి పోవడమంటే ఇల్లు పీక్కుని పోవడమే. జొన్నపిండి, ఎండుమిరపకాయలు, పెనం, బొంతలు, నులక మంచం, ఒక్కోసారి కాళ్లు కట్టేసిన కోడి. పుణెలో పునాదులు తవ్వారు. గుజరాత్‌లో కేబుల్ కోసం కందకాలు తీశారు. బెంగళూరులో ఎవరివో ఎత్తయిన ఇళ్లకు ఇసుక మోశారు. ప్రతిసారీ లారీ కదిలే ముందు, "రూతమ్మా, జర మా మూట గూడ చూడవా" అని ఎవరో ఒకరు వచ్చేవారు. ఆమె గిన్నెలో గిన్నె పెట్టి, అన్నిటికన్నా చిన్న గిన్నెలో ఉప్పు పోసి, సందుల్లో పాతబట్టలు కుక్కేది. బరువైనది అడుగుకు, ముందు అక్కరపడేది పైకి. ముడి వేశాక మూటను మోకాలితో ఒక్క తన్ను తన్ని చూసేది. కదలకపోతే సరిగ్గా కట్టినట్టు.

ఆమె మొగుడు ఎల్లన్న ఆ తన్ను చూసి నవ్వేవాడు. "నన్ను గూడ గట్ల మూట గట్టి తీస్కపో, కిరాయి మిగుల్తది" అనేవాడు.

అతణ్ని తీసుకురావడం కుదరలేదు. నాలుగేళ్ల కిందట, ఇదే రోడ్డు పనికి రూతమ్మ లేకుండా పోయినప్పుడు, నవంబరులో పని ముగించుకుని దిగి రావలసిన వారంలో ఎల్లన్నకు జ్వరం తగిలింది. రొమ్ము పట్టేసింది. అదే రోజు మంచు పడి కింది దారి మూసుకుపోయింది. మూడో రోజు ప్రాణం పోయింది. ఇంకో రెండు రోజులు చూశారు. దారి తెరుచుకోలేదు. మేస్త్రీ బుచ్చన్నే చెప్పాడు, ఇక్కడే పూడ్చిపెడదామని. గడ్డకట్టిన నేలను గడ్డపారలతో తవ్వారు. మాసయ్య ప్రార్థన చేశాడు. తల దిక్కున మూడు రాళ్లు పేర్చి వచ్చారు. సంచిలో ఎల్లన్న బట్టలూ, కంపెనీ ఇచ్చిన చలికోటూ రూతమ్మకు చేరాయి. ఆ తర్వాత బుచ్చన్న ఆమె కళ్లలోకి చూసి మాట్లాడింది లేదు. మాట్లాడినా కాటా వంకో, సంచి వంకో చూసే మాట్లాడతాడు.

ఇక్కడ ఊళ్లో ఈస్టరుకు ముందు రోజు ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసుకుంటారు. ఆడవాళ్లు ముళ్లకంప ఏరేసి, చీపురుతో ఊడ్చి, బకెట్లో సున్నం కలుపుకుని పేరు చెక్కిన రాయి దగ్గర మొదలుపెడతారు. పండుగ తెల్లవారుజామున అక్కడే కొవ్వొత్తులు వెలిగిస్తారు. నాలుగు ఈస్టర్లు రూతమ్మ అత్త సమాధికి సున్నం వేసి, మిగిలిన సున్నం పక్కవాళ్లకిచ్చి ఇంటికి వచ్చింది. సంఘపెద్ద ఒకసారి అన్నాడు, ఇక్కడే ఒక రాయి పాతుకోమ్మా, దేవుడు ఎక్కడున్నా చూస్తాడని.

"మనిషి లేని కాడ పేరెందుకయ్యా?" అంది రూతమ్మ. అంతకు మించి ఎదురు చెప్పడం ఆమెకు అలవాటు లేదు.

గుంపు మళ్లీ అదే దారికి పోతోందని ఈ ఫిబ్రవరిలో తెలిసింది. వంటకు తానొస్తానని రూతమ్మే అడిగింది. మరునాడే అలంపూర్ చౌరస్తాలో బండలు చెక్కే సాయన్న దగ్గరికి పోయింది.

"నాపరాయి గావాలన్నా. పేరు చెక్కాలి. సన్నగ ఉండాలి."

"ఎంత సన్నగ?"

"చేతిసంచిల పట్టేటంత."

సాయన్న చేతిలోని ఉలి పక్కన పెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "సన్నగ కోస్తే పగుల్తదమ్మా. ఇంచు మందం లేనిదే నేను ఉలి పెట్ట."

"అయితే వెడల్పు తగ్గియ్యి."

ఆమె రాయించుకొచ్చిన కాగితంలో పేరుంది, తండ్రి పేరుంది, పుట్టిన ఏడాది, పోయిన ఏడాది, కింద ఒక బైబిలు వాక్యం ఉన్నాయి. రాయి తగ్గేకొద్దీ అక్షరాలూ తగ్గాయి. వాక్యం మొదట పోయింది. తండ్రి పేరు తర్వాత పోయింది. పుట్టిన ఏడాది ఎవరికీ సరిగ్గా తెలియదు కాబట్టి దాన్ని తీసేయడానికి పెద్దగా బాధపడలేదు. పోయిన ఏడాది ఒక్కటే ఎందుకని దాన్నీ తీసేయించింది. చివరికి ఒక చిన్న సిలువ, ఎల్లన్న అన్న పేరు, కింద మానవపాడు. కిరాణా కొట్టులో తూపిస్తే నాలుగున్నర కిలోలు.

ఏడులో నాలుగున్నర రాయికి పోయింది. సంచి సొంత బరువే ముప్పావు కిలో. మిగిలిన దాంట్లో రెండు చీరలు, ఒక రగ్గు ముక్క, కొత్త నిబంధన పుస్తకం, సబ్బు, దువ్వెన. ఇక స్వెటర్లు ఎక్కడ పెట్టాలి? కోటు ఎక్కడ పెట్టాలి? ఒంటి మీదున్నది ఏ కాటాకూ ఎక్కదని లారీల కాలం నుంచీ ఆమెకు తెలుసు. ఏర్పోర్టు దాకా కవర్లో పట్టుకుపోయి అక్కడ తొడుక్కుందామంటే, రెండో సంచి కనపడితే దిగగొడతానని బుచ్చన్న ముందే చెప్పేశాడు. పైగా సంచిలో ఉండాల్సిన బట్టలు చేతిలో ఉంటే, సంచిలో ఏముందని అడగడా? రాయి అని తెలిస్తే ఒప్పుకోడు. పనికి పోతూ రాయి మోసుకొస్తవా అంటాడు. అందుకే పొద్దున ఇంట్లోనే అన్నీ తొడుక్కుని గడియ పెట్టింది.

చౌరస్తా దాకా ఆటో, అక్కణ్నుంచి హైదరాబాదు బస్సు. కిటికీలోంచి వచ్చేది గాలి కాదు, పొయ్యి ముందు కూర్చుంటే తగిలే సెగ. వనపర్తి రోడ్డు కలిసే చోటికి వచ్చేసరికి లోపలి చీర ఒంటికి అంటుకుపోయింది. చెమట వీపు మీద కాలువ కట్టి నడుము దగ్గర ఆగుతోంది. పక్కన కూర్చున్న ధనలక్ష్మి రెండుసార్లు కోటు పట్టి లాగింది.

"తియ్యరాదక్కా. చూస్తుంటే నాకే ఊపిరాడ్తలేదు."

"ఉండనియ్యి."

"దొంగసొమ్మేమన్న దాచినవా లోపల?"

రూతమ్మకు నవ్వడానికి ఓపిక లేకపోయింది. మూడు సీట్ల ముందు బుచ్చన్న తల వెనక్కి తిరిగినప్పుడల్లా ఆమె కోటు గుండీలు సర్దుకుంది. నీళ్లు ఎక్కువ తాగితే దిగాల్సి వస్తుందని నీళ్లు కూడా తాగలేదు. జడ్చర్ల దాటాక కళ్ల ముందు చిన్నచిన్న మెరుపులు తిరగడం మొదలైంది. ఎండకేలే అనుకుంది. కాళ్ల మధ్య సంచి ఉంది. దాన్ని పాదంతో తాకి చూసుకుంటూ కూర్చుంది.

విమానం మరునాడు ఉదయం. దానికి ముందు కంపెనీ చెప్పిన ప్రైవేటు దవాఖానలో అందరికీ పరీక్షలు చేయాలి. ఎత్తుకు పోయేవాళ్లకు ఇది కొత్తగా పెట్టిన నియమం. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడికి చేరారు. మగవాళ్లు ఒక్కొక్కరే లోపలికి పోయి, చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికొచ్చారు. రూతమ్మ వంతు వచ్చింది.

"చెయ్యి చాపమ్మా," అంది నర్సు. కోటు చేయి పైకి జరిపింది. కింద స్వెటర్. దాన్ని జరిపింది. ఇంకో స్వెటర్.

"ఏందమ్మా ఇది! ఉల్లిగడ్డ పొరలు తీసినట్టుంది. జ్వరమొచ్చిందా?"

"లేదమ్మా. సలి ఊరికి పోతున్నం గద."

"ఆ ఊరికి పోయాక వేసుకోవాలి గానీ!"

కోటు తీశారు. స్వెటర్లు తీశారు. నర్సు చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది, ముల్లు చూసింది, మళ్లీ కొట్టింది. లేచి పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. ఆమె కూడా కొలిచింది.

"ఎప్పటినుంచి బీపీ?"

"నాకేం బీపీ లేదమ్మా. సూది మందు గూడ ఎరగ."

ఒక గంట పడుకోబెట్టారు. ఫ్యాను కింద, ఉప్పు లేని నిమ్మరసం ఇచ్చి, తడిబట్టతో ముఖం తుడిచారు. రూతమ్మ కళ్లు మూసుకుని కాటా ముల్లు గురించి ఆలోచించింది. ఏడు దాటకుండా చూసుకున్న మనిషికి ఈ రెండో ముల్లు గురించి ఎవరూ చెప్పలేదు. గంట తర్వాత కొలిచారు. తగ్గింది. చాలినంత తగ్గలేదు.

"ఎండకు కొంత పెరిగి ఉండొచ్చు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "కానీ ఎండ ఒక్కటే కాదు. పాతదే అయ్యుంటుంది, మీకు తెలియలేదు. నెల రోజులు మాత్రలు వేసుకోండి. ఇలా ఉండగా అంత ఎత్తుకు పంపలేను. పంపితే మీరు తిరిగి రారు."

"బట్టలు ఎక్కువేస్కున్న అమ్మా. అందుకే పెరిగింది. రేపు పొద్దుగాల మళ్లొకసారి చూడున్రి."

డాక్టరమ్మ ఆమె భుజం మీద చేయి వేసింది గానీ కాగితం మీద రాసింది మాత్రం మార్చలేదు.

బయట వసారాలో గుంపు అంతా సంచుల మీద కూర్చుని ఉంది. సంగతి విన్నాక బుచ్చన్న కంపెనీవాళ్లకు ఫోన్ చేసి వచ్చాడు. వంట ధనలక్ష్మి చూసుకుంటుందని ఒప్పించాడు.

"ఏం పరేషాన్ గాకు రూతమ్మా. ఊరికి పోయి మందులేస్కో. వచ్చే యేడు చూద్దాం," అన్నాడు గోడ వంక చూస్తూ. ఆమెను బస్సు ఎక్కిద్దామని సంచి అందుకున్నాడు. ఎత్తి, ఆగిపోయాడు. బట్టల సంచి బరువు వేరు, ఇది వేరు. ముప్పై ఏళ్లు రాళ్లు మోసిన చేయికి ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది.

"ఏం బెట్టినవు ఇండ్ల?"

అతనే జిప్పు తీశాడు. చీర మడత విప్పాడు. నల్లటి రాయి మీద తెల్లగా చెక్కిన పేరు బయటపడింది. చుట్టూ చేరినవాళ్లలో చదువు వచ్చినవాళ్లు చదివారు, రానివాళ్లు సిలువ చూసి తెలుసుకున్నారు.

బుచ్చన్న వసారా మెట్టు మీద కూర్చున్నాడు. "నాకొక్క మాట చెప్తే ఏంబోయె?" అన్నాడు.

"వద్దంటవని, బావా."

"అంటుంటినేమో." ఈసారి అతను ఆమె ముఖంలోకే చూశాడు. "ఆ దినం వేరే తొవ్వ లేకుండె రూతమ్మా. దేవుని తోడు, లేకుండె."

"నాకెరుకే బావా. నేనేమన్న అన్ననా?"

మాసయ్య ముందుకొచ్చి రాయిని రెండు చేతులతో ఎత్తి చూశాడు. "నేను తీస్కపోత వదినె. ఏడ బెట్టాల్నో నాకెరుకే. ఎడమ దిక్కు వాగు, మీద పెద్ద రాతిగుండు."

"నీ సంచి పొద్దుగాలనే ఏడు తూగె గదరా," అన్నాడు బుచ్చన్న. "ఇంక నాలుగున్నర ఏడ బెడ్తవ్, నెత్తిలనా?"

ఎవరి సంచి వాళ్లు చూసుకున్నారు. చలిలో ఆరు నెలలు బతకడానికి కట్టుకున్న సంచులవి. ఒక్కొక్కటీ పొద్దున కాటా కింద కోత పడి వచ్చినవే. రూతమ్మ అడగలేదు. అడిగే హక్కు లేదనుకుంది. తల తిరుగుడు ఇంకా తగ్గలేదు. బస్సెక్కి, ఇంటికి పోయి, నేల మీద పడుకోవాలని ఉంది. కానీ ఆమె కళ్లు అలవాటు కొద్దీ వాళ్ల కాళ్ల వైపు పోయాయి. పదకొండు జతల కాళ్లకూ చెప్పులే. మరి బూట్లెక్కడ?

"బూట్లు సంచిల బెట్టిన్రా అందరు?"

"మరి ఏడ బెడ్తం?" అన్నాడు మాసయ్య.

"కాళ్లకు బెట్టుకుంటరు! సెప్పులు సంచిలకు పోతయి. కిలో బరువు ఎవరన్న సంచిల మోస్తరా?" రూతమ్మ నేల మీద చతికిలబడి కొంగు బిగించింది. "తెరువున్రి అందరు. నాకు జరసేపే ఓపికున్నది."

పదకొండు సంచులు తెరుచుకున్నాయి. ఆమె చేతులు వాటి మధ్య తిరిగాయి. బూట్లు బయటికి వచ్చాయి. చెప్పులు లోపలికి పోయాయి. సాక్సులు చెప్పుల సందుల్లోకి పోయాయి. పదకొండు సబ్బులుంటే ఐదు తీసేసింది, ఇద్దరికొకటి చాలంది. కొబ్బరినూనె సీసాలు ఎనిమిది. ధనలక్ష్మి తెచ్చిన కారంపొడి పొట్లం కిలో ఉంది.

"కారం విమానంల పోనియ్యరంట. నేను గూడ పెట్టలే. ఇటియ్యి."

"కారం లేకుంటే ఏం బెట్టి తినాలక్కా వీళ్లు? నన్ను తింటరు!"

"దిగినంక కొనుక్కోన్రి. ఆడోళ్ల కారం సప్పగుంటది, రెండు చెంచాలెక్కువెయ్యి."

అద్దాలు నాలుగు. చార్జర్లు తొమ్మిది. ఒకడి సంచి అడుగున గోదాముకు వేసేంత తాళం, దాని గొలుసు దొరికాయి.

"గిదేందిరా?"

"సంచికి తాళమెయ్యాలె గద పెద్దమ్మా."

"సంచిల తాళం తప్ప ఏమున్నదని?"

నవ్వులు లేచాయి. పొద్దుటి నుంచి మొదటిసారి రూతమ్మకు కూడా లోపల్నుంచి నవ్వు వచ్చింది. జీన్సు ప్యాంటు ఒకటి ఒంటి మీద ఉంటే చాలంది, రెండోవి పక్కన పడేయించింది. తడిస్తే ఆరని బట్ట అది, చలిలో ఇనుపరేకులా బిగుస్తుంది. మాసయ్య సామాను ముక్కలు చేసి పది సంచుల్లో సర్దింది. ఒకరి దాంట్లో అతని స్వెటర్, ఇంకొకరి దాంట్లో అతని తువ్వాలు. అతని రగ్గు మాత్రం ఎక్కడా పట్టలేదు. మడిచింది, చుట్టింది, మోకాలితో అదిమింది. పట్టలేదు.

"కంపెనీ ఇస్తదిలే వదినె," అన్నాడతను.

కంపెనీ రగ్గు ఎంత పలచగా ఉంటుందో ఎల్లన్న చాలాసార్లు చెప్పాడు. ఆమె తాను విప్పి బెంచీ మీద పెట్టిన ఎల్లన్న చలికోటు తీసి మాసయ్యకు ఇచ్చింది. "రగ్గు లేదు గాబట్టి ఇది ఉంచుకో. పండుకునేటప్పుడు గూడ తియ్యకు. గాని ఇప్పుడే తొడుక్కోవద్దు, విన్నవా? విమానం కాడికి పోయినంకనే. నా లెక్క చెయ్యకున్రి ఎవ్వరు."

దవాఖానలో మనుషుల బరువు చూసే యంత్రం మీద మాసయ్య సంచి పెట్టారు. అడుగున చీరలో చుట్టిన రాయి, పైన అతని చెప్పులు, ఒక జత బట్టలు. ముల్లు ఏడు దగ్గర వణికి నిలబడింది. బుచ్చన్న రెండుసార్లు ఎత్తి పెట్టి చూశాడు. ఏడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

"చెక్కింగుల ఆపితే?" అన్నాడు.

"ఆపితే చెప్త," అన్నాడు మాసయ్య.

"ఏమని?"

"ఉన్నది చెప్త."

నాలుగింటికి వాళ్లు బస చేసే చోటికి ఆటోల్లో పోయారు. ధనలక్ష్మి ఆటోలోంచి తల బయటపెట్టి, రొట్టెలు ఎంతమందికి ఎంత పిండో మళ్లీ ఒకసారి అడిగింది. రూతమ్మ చెప్పింది. ఆటో మలుపు తిరిగింది. వసారా బండల మీద పదకొండు సంచుల్లోంచి తీసేసినవన్నీ కుప్పగా మిగిలాయి. జీన్సులు, సబ్బులు, నూనె సీసాలు, అద్దాలు, కారంపొడి, తాళం, గొలుసు, మాసయ్య రగ్గు. పారేయడానికి ఆమెకు మనసొప్పలేదు. అవన్నీ ఊళ్లో ఎవరో ఒకరి ఇంటివి. రగ్గు పరిచి, కుప్పంతా దాంట్లో పోసి, బరువైనవి అడుగుకు వేసి మూట కట్టింది. పైన తన రెండు స్వెటర్లు, విప్పేసిన పైచీర పెట్టి ముడి వేసింది.

బస్సులో కండక్టరు ఆధార్ కార్డు చూసి టికెట్ ఇస్తూ, ఆ మూట వంక చూశాడు. "ఏందవ్వా, ఇల్లు ఖాళీ చేసి వస్తున్నవా?"

"లేదు నాయనా. ప్రయాణం ఆగిపోయింది."

"ఆగిపోతేనే గింతుంటే, పోతే ఎంత ఉంటుండెనో!"

ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. ఒంటి మీద ఒక్క చీరే ఉంది. గాలి తగులుతోంది. అయినా పొద్దుటి బరువంతా ఇంకా మీదనే ఉన్నట్టుంది.

మరునాటి నుంచి రెండు రోజులు ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సామాన్లు అప్పజెప్పింది. నీ కొడుకు అద్దం ఇదిగో, నీ మొగుడి ప్యాంటు ఇదిగో. తిరిగొచ్చావేమని అందరూ అడిగారు. ప్రతి ఇంట్లో మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. మూడో ఇంటికల్లా విసుగు పుట్టి, "దవాఖానల వద్దన్నరు" అని మాత్రం చెప్పి ఊరుకుంది. మాసయ్య రగ్గు వాళ్ల అమ్మకు ఇచ్చేటప్పుడు మాత్రం ఆగి, ఎందుకు మిగిలిందో చెప్పింది. ఆ ముసలామె రగ్గు ఒళ్లో పెట్టుకుంది.

పెద్దమందడి నుంచి కూతురు శ్రుతి వచ్చింది. మాత్రలు పొద్దునొకటి అని చెప్పి, తల్లి వేసుకునేదాకా ఎదురుగా నిలబడుతోంది. పదకొండో రోజు మధ్యాహ్నం శ్రుతి ఫోన్‌కు మాసయ్య వీడియో కాల్ వచ్చింది. సిగ్నలు దొరకడానికి రెండు మలుపులు కిందికి దిగి చేశానన్నాడు. కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు, మంకీ క్యాపులో ముఖం సగమే కనబడుతోంది.

"పెట్టినం వదినె. బుచ్చన్నే తవ్విండు గుంత. ఎవర్ని పట్టనియ్యలే. ఫోటో పంపిన, చూస్కో."

"చెక్కింగుల ఆపిన్రా?"

"ఆపిన్రు. బయటికి తీసిన్రు. ఒగ సారు దాని మీద చెయ్యి బెట్టి తడిమిండు. 'క్యా లిఖా హై' అన్నడు, ఏం రాసున్నదని. 'నామ్ హై సాబ్, హమారే భాయ్ కా' అన్న, మా అన్న పేరని. ఇంక ఏమనలే. ఆయనే మళ్ల చీరల సుట్టి ఇచ్చిండు."

శ్రుతి ఫోటో తెరిచి చూపించింది. బూడిదరంగు గులకరాళ్ల నేల, వెనక ఇంకా కరగని మంచు చారలు, మధ్యలో చిన్న నల్లరాయి. రూతమ్మ ఫోన్‌ను దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది.

"తల దిక్కే పెట్టిన్రా?"

"తల దిక్కే. మూడు రాళ్లల్ల రెండు గట్లనే ఉన్నయి. ఒకటి జారి పోయింది."

"ఆడ సున్నం దొరుకుతదా?"

"రోడ్డు గీతలకు తెల్ల రంగుంది. వచ్చే ఆదివారం ఏస్త అన్నడు బుచ్చన్న." గాలి హోరులో అతని మాట కొంత వినిపించలేదు. "…ఫోన్ పట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతున్నయి వదినె."

"రగ్గు ఇచ్చిన్రా కంపెనీవాళ్లు?"

"ఇచ్చిన్రు."

"పలచగుందా?"

మాసయ్య కోటు కాలరు పైకి లాక్కున్నాడు. "సరిపోతుంది తీ," అన్నాడు.

"చేతులు జేబుల బెట్టుకో. పెట్టెయ్యి ఇంక."

ఫోన్ ఆగిపోయింది. బయట ఎండ కణకణలాడుతోంది. రూతమ్మ గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది. ఆ మధ్యాహ్నం ఆమె చాలాసేపు అక్కడే కూర్చుంది.